పధ్నాలుగో పెట్టె

పదకొండు అనే అంకె ఆ బుధవారం మధ్యాహ్నం నాలుగింటికి పుట్టింది. ఐదున్నరకల్లా రెండో అంతస్తులో కాఫీ యంత్రం దగ్గరికి చేరింది. గురువారం పొద్దున ఓదిలోన్ వర్క్‌షాపు తాళం తీసేసరికి అతనికంటే ముందే లోపలికొచ్చి కూర్చుంది.

ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. పక్క బల్ల దగ్గర కేబుళ్ల కొసలు ఒలుస్తున్న బెర్తో మాత్రం తల ఎత్తకుండానే, "పదకొండట," అన్నాడు.

"ఏంటి పదకొండు?"

"నాకేం తెలుసు? నేనేం వినలేదు. నీకూ నేనేం చెప్పలేదు."

"ఉండాల్సింది ఎన్నట?"

"నాలుగు. ఇంకేం అడక్కు. రహస్యం."

మూడు వేలమంది శాస్త్రవేత్తలు కలిసి ఒక రహస్యాన్ని దాస్తే ఇలాగే ఉంటుంది. జెనీవా పొలాల కింద వంద మీటర్ల లోతున ప్రోటాన్లను ఢీకొట్టించడం వాళ్లకు వచ్చు, ఆ ముక్కల్లోంచి సృష్టి గుట్టు కూపీ లాగడం వచ్చు. నోరు కట్టేసుకోవడం మాత్రం ఈ జన్మకు రాదు.

అయితే ఒక్క విషయంలో మాత్రం వాళ్లంత నిష్ఠాపరులు ఇంకెక్కడా దొరకరు. లెక్కల్లో కొత్త కణం కనిపించవచ్చు అనుకున్న చోటికి ముందే తెర కట్టేస్తారు. ఆ తెర వెనక ఏం పడుతోందో ఎవరూ చూడరు. ఏ చెత్తను ఎలా ఏరెయ్యాలి, ఏ వడపోత ఎంత బిగించాలి, ఘటనలని వాళ్లు పిలిచే ఢీల్లో మామూలువి తెర వెనక ఎన్ని ఉండాలి అన్నవన్నీ తెర బయట ఉన్నవాటిని చూసే తేల్చుకుంటారు. ఆ వడపోతలకు పేర్లు పెట్టడంలో మాత్రం అడ్డూ ఆపూ లేదు. పిల్లుల పేర్లు, జున్నుల పేర్లు, ఒకడైతే తనను వదిలేసి వెళ్లిన పిల్ల పేరు కూడా పెట్టాడు. ఆశ పడిన మనసు లేనిది ఉన్నట్టు చూపిస్తుందని వాళ్లకు తెలుసు, అందుకని తమ కళ్లకు తామే గంతలు కట్టుకుంటారు. అన్నీ తేలాక ఒక రోజు చూసుకుని తెర తీస్తారు. తీశాక మళ్లీ వెనక్కి వెళ్లి లెక్క ముట్టుకోవడం వాళ్లలో దొంగతనం కిందే జమ.

నివేస్ బృందం రెండేళ్లుగా కట్టి ఉంచిన తెర ఆ బుధవారం తీశారు. నాలుగు ఘటనలు ఉండాల్సిన చోట పదకొండు ఉన్నాయి.

నివేస్ ఇటలీలోని ట్రియెస్టె అమ్మాయి, ముప్పై మూడేళ్లది. నాలుగేళ్ల కిందట కొత్తగా వచ్చినప్పుడు భోజనశాలలో ట్రే పట్టుకుని చోటు కోసం దిక్కులు చూస్తుంటే, ఓదిలోన్ తన పక్క కుర్చీ లాగి చూపించాడు. శాస్త్రవేత్తలు ఒక వైపు, పనిముట్లవాళ్లు ఒక వైపు కూర్చునే ఆ చోట, ఆ సంగతి తెలియక ఆమె కూర్చుంది. తెలిశాక కూడా లేవలేదు. అప్పటినుంచి ప్రతి గురువారం అక్కడే తింటుంది. ఓదిలోన్ ఇంటినుంచి కాగితంలో చుట్టి తెచ్చే జెక్స్ ఊరి నీలి జున్నులో సగం ఆమెదే.

"ఇంతకీ నువ్వు వెతికేది దేన్నమ్మాయ్?" అని అతను ఆ మొదటి రోజే అడిగాడు.

"సూపర్‌సిమెట్రీ అని ఒక ఊహ ఉందండీ. మనకు తెలిసిన ప్రతి కణానికీ ఇంతవరకు కనబడని బరువైన జంట ఒకటి ఉందని. ఆ జంటల్లో అన్నిటికన్నా తేలికైంది ఉందే, అది దేనికీ అంటుకోదు, దేనికీ ఆగదు. మీ పెట్టెల్లోంచి, ఈ గోడల్లోంచి, ఆ జూరా కొండల్లోంచి కూడా దూసుకుపోతుంది. గెలాక్సీలు చెదిరిపోకుండా పట్టుకున్న కృష్ణపదార్థం ఉంది చూడండి, అది ఇదేనేమోనని మా ఆశ."

"ఆగనిదాన్ని ఎలా పట్టుకుంటావ్?"

"పట్టుకోం. మిగతా ముక్కలన్నీ ఎటు పోయాయో చూస్తాం. అన్నీ ఒకే వైపు పోతే, రెండో వైపు ఏదో పోయి ఉండాలి కదా?"

ఓదిలోన్ జున్ను కోసి సగం ఆమె వైపు జరిపాడు. "మా ఊరు సెర్జీలో పెతాంక్ అని ఇనప బంతులాట ఆడేటప్పుడు బంతికి బంతి తగిలితే రెండూ చెరో పక్కకు పోతాయి. ఒకటే కనబడిందనుకో, రెండోది కంచె సందులోంచి పక్కింటి తోటలోకి పోయిందన్నమాట."

"అంతే! నా కణం పక్కింటి తోటలోకి పోయిన బంతి."

"లేదా, ఆ పక్క చూడాల్సినవాడు కునుకు తీసి ఉండాలి."

నివేస్ పగలబడి నవ్వింది. "ఆ పక్క చూసేవి మీ పెట్టెలేగా! అవి కునుకు తీయవు లెండి."

డిటెక్టర్‌లో ఆ ముక్కల శక్తిని కొలిచే భాగానికి కరెంటు అందించే పెట్టెలు ఓదిలోన్ చేతికింద ఉండేవి. ముప్పై రెండేళ్లుగా అదే పని. వాటి గురక వింటే చాలు, ఏ ఫ్యానుకు నూనె తక్కువైందో చెప్పేవాడు. ఫిబ్రవరి ఆఖరుకు పదవీ విరమణ. అక్కడి అలవాటు ప్రకారం వెళ్లిపోయేవాడికి ఆవు మెడలో కట్టే పెద్ద కంచు గంట ఇస్తారు, దాని మీద పేరూ ఏళ్లూ చెక్కిస్తారు. బెర్తో చందాలు పోగుచేసి గంటను జెక్స్‌లో చెక్కేవాడి దగ్గర ఇచ్చి వచ్చాడు. అదీ రహస్యమే. అందుకే దాని మీద ఏం రాయిస్తున్నారో ఓదిలోన్‌కు వారం కిందటే తెలిసిపోయింది. ముప్పై రెండేళ్లు, ఒక్క అలారం మోగనివ్వలేదు అని. ఆ మాట విన్నప్పటినుంచి అతను లోలోపల పొంగిపోతూనే ఉన్నాడు.

ఆ గురువారం నివేస్ భోజనశాలకు రాలేదు. తిన్నగా వర్క్‌షాపుకే వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఓదిలోన్ గారూ, ఒక మాట అడగాలి. ఎందుకని మాత్రం అడక్కండి."

"పదకొండు గురించా?"

ఆమె తల పట్టుకుంది. "మీదాకా వచ్చేసిందా?"

"నాకేం తెలీదు. బెర్తోకి అసలే తెలీదు. అడుగు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "పదకొండిట్లో ఏడింటికి బంతి పోయిన తోట ఒకటే. ఏడూ ఒకే పక్క. అటు ఉన్నవి మీ పన్నెండు నుంచి పదహారు పెట్టెలు. మా పెద్దావిడ హెన్రికా ఏమో, ఉన్నవే పదకొండు, ఎటో ఓ పక్కకి మొగ్గవా అంటోంది. నిజమే కావచ్చు. కంప్యూటర్లో కూడా అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఒక్క అలారం లేదు. అయినా మిమ్మల్ని ఒక్కసారి అడగందే నాకు మనసొప్పలేదు. పోయిన వేసవిలో అటేమైనా ముట్టుకున్నారా?"

పధ్నాలుగు. ఆ అంకెతోపాటు ఓదిలోన్‌కు జూలై గుర్తొచ్చింది.

"జూలైలో పధ్నాలుగులో కరెంటు యూనిట్ ఒకటి మార్చాం. కంప్యూటర్లో రాశాం కూడా."

"అది చూశా. అంతేనా?"

"అంతే," అన్నాడు ఓదిలోన్.

ఆమె ముఖం విప్పారింది. "హమ్మయ్య! మీరు చెప్పాక ఇంక నాకు అనుమానం లేదు. వచ్చే శుక్రవారం అందరి ముందూ పెడతాం. వాళ్లు సరేనంటే ఆ సాయంత్రమే లోకానికంతా తెలుస్తుంది." వెళ్తూ వెళ్తూ అతని భుజం నొక్కి మరీ వెళ్లింది.

జూలైలో జరిగింది ఇదీ. రెండు రోజులు యంత్రం ఆపారు. పధ్నాలుగో పెట్టెలో యూనిట్ కాలిపోయింది. కొత్తవి అయిపోయాయి, వచ్చేవి దారిలో ఉన్నాయి. అటక మీద బాగుచేసి పెట్టిన పాతది ఒకటి ఉంటే దాన్నే బిగించాడు. అది కాస్త పెంకిది. వేడెక్కితే ఒక్క క్షణం ఓల్టేజి దించి మళ్లీ తేరుకునేది. తేరుకున్న ప్రతిసారీ అలారం మోగడం ఖాయం. పైన కంట్రోల్ గదిలో డ్యూటీ పిల్లలు ఉలిక్కిపడి అతనికి ఫోను చేస్తారు. సాయంత్రానికి ప్రోటాన్లు తిరిగి వస్తాయి, ఇక కిందికి దిగడం కుదరదు. పాపం పిల్లలు, ఊరికే గాభరా పడతారని, ఓల్టేజి ఎంత పడితే అలారం మోగాలో నిలిపే హద్దు స్క్రూను పావు తిప్పు వదులు చేశాడు. సెప్టెంబరులో కొత్త యూనిట్ బిగించి స్క్రూ మళ్లీ సరిచేద్దాం అనుకున్నాడు. ఆ సంగతి తన గోధుమరంగు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కంప్యూటర్లో మాత్రం రాయలేదు. ఒక్క స్క్రూకు ఆరు ప్రశ్నలూ రెండు సంతకాలూ అడుగుతుంది అది.

సెప్టెంబరులో అతని భార్య రెజీన్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. అతను మూడు వారాలు సెలవు పెట్టాడు. తిరిగి వచ్చేసరికి స్క్రూ సంగతి మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది.

అంటే పధ్నాలుగో పెట్టె వేడెక్కినప్పుడల్లా రెండు మూడు సెకన్లు కునుకు తీసింది. అలారం మోగలేదు. ఆ క్షణంలో అటు ఎగిరిన ముక్కలు లెక్కకు రాలేదు. లెక్కకు రానిది పక్కింటి తోటలోకి పోయిన బంతిలాగే కనబడింది. కునుకుల్ని పట్టే వడపోత శాస్త్రవేత్తలకు లేకపోలేదు, కానీ అది అలారం మోగితేనే పని చేస్తుంది. తెర బయట లక్షల ఘటనల గుంపులో ఈ కాసినీ ఎవరి కంటా పడలేదు. తెర వెనక ఎవరూ చూడనే లేదు. నిష్ఠగా కళ్లు మూసుకున్నవాళ్ల ముందు నుంచి ఒక స్క్రూ దర్జాగా నడిచి వెళ్లిపోయింది.

శుక్రవారం ఓదిలోన్ శిరస్త్రాణం పెట్టుకుని, గోడ మీది తాళం తీసుకుని, ఒంటరిగా లిఫ్టులో కిందికి దిగాడు. శీతాకాలం కాబట్టి యంత్రం ఆపేసి ఉంది, ఎవరైనా దిగొచ్చు. ఏడంతస్తుల ఎత్తు డిటెక్టర్ పక్కన ఇనప మెట్లెక్కి పధ్నాలుగో పెట్టె మూత తీశాడు. స్క్రూడ్రైవర్ గాడిలో పెట్టాడు. పావు తిప్పు తిప్పితే చాలు. జూలై అనేదే లేకుండా పోతుంది. ఎవరూ ఎప్పటికీ పట్టుకోలేరు. గంట మీది అక్షరాలు నిజమవుతాయి. పైగా ముప్పై రెండేళ్లు కాపలా కాసిన పెట్టెల్లోనే కృష్ణపదార్థం దొరికిందన్న పేరు కూడా మిగులుతుంది.

చేయి అలాగే ఎంతసేపు ఉందో అతనికే తెలియదు. తిప్పలేదు. అంతమాత్రాన ధైర్యం వచ్చిందనుకోకండి. మూత బిగించి, పైకొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి పోయాడు.

శనివారం ఫెర్నే సంతలో రెజీన్ చేతికర్ర పోటేసి ఆగిపోయింది. "ఏమయ్యా, ఉల్లికాడలు ఇది మూడోసారి కొంటున్నావ్. ఇంట్లో ఏమన్నా సూపు అంగడి పెడుతున్నామా?"

ఓదిలోన్ చేతిలో కట్ట వంక చూసుకున్నాడు.

"రెండు రోజుల్నుంచి చూస్తున్నా. నిద్ర లేదు, తిండి లేదు. ఎవత్తైనా తగులుకుందా ఈ వయసులో?"

"పధ్నాలుగో పెట్టె," అన్నాడు ఓదిలోన్. అక్కడే, చేపల బండి పక్కన నిలబడి, అంతా చెప్పేశాడు. రెజీన్ ఒక్క మాట అడ్డం రాలేదు. అలా రాకపోవడం ఆమె చరిత్రలో అరుదు.

"ఆ ట్రియెస్టె పిల్ల నీ మాట నమ్మిందా?" అని చివర్న అడిగింది.

"నమ్మింది."

"గంట మీద ఏం చెక్కుతారో అని నీ బెంగ. ఆ పిల్ల నెత్తిన లోకమంతా ఏం చెక్కుతుందో అది ఆలోచించవేం?" కర్ర చివరతో అతని బూటు మీద పొడిచింది. "నీ స్క్రూ మరుపుకి నా తుంటి కూడా కొంత కారణమే. కావాలంటే నా పేరు కూడా చెప్పు. కానీ చెప్పు."

సోమవారం పొద్దున్నే ఓదిలోన్ నోటుపుస్తకం తీసుకుని నివేస్ గదికి వెళ్లాడు. నాలుగేళ్లలో ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆమె శుక్రవారం చూపించాల్సిన బొమ్మలు సరిచేసుకుంటోంది. అతను జూలై పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

"గురువారం నువ్వడిగితే అంతేనన్నాను. అంతే కాదమ్మాయ్."

ఆమె చదివింది. మళ్లీ చదివింది. అతను చెప్పాల్సింది చెప్పాడు.

"గురువారం ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"నాలుగు రోజులండీ! మా అమ్మకి ఫోన్ చేసి ఎక్కడ చెప్పేస్తానోనని నాలుక కొరుక్కుని చచ్చాను. సెప్టెంబరుతో ఉద్యోగం అయిపోతోంది, ఇంక ఆ భయం లేదనుకున్నా..." ఆమె నోటుపుస్తకాన్ని పక్కకు నెట్టింది. "నాకు కోపం వస్తోంది. కాసేపు ఉండండి. రానివ్వండి."

ఓదిలోన్ నిలబడే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి మంచు పట్టిన పార్కింగు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత ముక్కు చీదుకుని వెనక్కి తిరిగింది.

"అయిపోయింది. పదండి, కిందికి పోదాం. నా కళ్లతో చూడాలి."

పధ్నాలుగో పెట్టెకు కరెంటు ఇప్పించి, ఫ్యానుకు అట్టముక్క అడ్డం పెట్టారు. పావుగంటకు పెట్టె వేడెక్కింది. ఓల్టేజి అంకె ఉన్నట్టుండి పడిపోయింది. ఒకటి, రెండు, మూడు. మళ్లీ లేచి ఏమీ ఎరగనట్టు నిలబడింది. దీపం పచ్చగానే ఉంది.

"దొంగముండ," అంది నివేస్. ఆ మాట ఏ భాషలో అందో గానీ ఓదిలోన్‌కు బాగా అర్థమైంది. ఇద్దరికీ నవ్వాగలేదు.

అలారం మోగకపోయినా ఓల్టేజి చరిత్ర అంతా కంప్యూటర్ పొట్టలో ఎక్కడో ఉంటుంది. వెతకాలని తెలిస్తే దొరుకుతుంది. రెండు రోజులు కూర్చుని ఆ కునుకుల వేళలన్నీ తవ్వి తీశారు. ఒకే పక్కన ఉన్న ఏడు ఘటనలూ ఏడు కునుకుల్లో పడ్డాయి. అవి తీసేస్తే మిగిలినవి నాలుగు. ఉండాల్సినవీ నాలుగే.

"ఇప్పుడు చిక్కేంటంటే," అంది నివేస్, "తెర తీశాక లెక్క ముట్టుకోవాలంటే ఊరికే ముట్టుకోనివ్వరు. కారణం అందరి ముందూ చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో అన్నీ. ఎవరు అన్నది మాత్రం నేను ఎలాగోలా దాటేస్తాను. మీ పేరు రానివ్వను."

ఓదిలోన్ నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పెద్ద సభామందిరం కిటకిటలాడింది. కూర్చోడానికి చోటులేనివాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. రానివాళ్లు పదిహేను దేశాల్లో తెరల ముందు కూర్చున్నారు. అందరూ పదకొండు కోసం వచ్చినవాళ్లే. నివేస్ మొదటి బొమ్మలోనే నాలుగు చూపించేసరికి ఒక నిట్టూర్పు హాలంతా పాకింది. ఆమె జూలై నుంచి మొదలుపెట్టి వివరించింది. ముందు వరుసలో హెన్రికా లేచింది. ఈ వెతుకులాటలన్నిటికీ పెద్ద ఆవిడ. హాంబుర్గ్ మనిషి, మాట కత్తి.

"అలారం హద్దు దానంతటదే మారదు కదా. ఎవరు మార్చారు?"

"అది... ఒక సాంకేతికమైన సర్దుబాటు. యంత్రం ఆపిన సమయంలో..."

"నేనండీ," అన్న మాట ఆఖరి వరుసలోంచి వినిపించింది.

మూడు వందల తలలు వెనక్కి తిరిగాయి. నీలం పని కోటులో ఓదిలోన్ నిలబడి ఉన్నాడు. "నేనే మార్చాను. పిల్లలు ఊరికే కంగారు పడతారని. మళ్లీ సరిచెయ్యడం మరిచిపోయాను. కంప్యూటర్లో రాయలేదు. పోయిన గురువారం ఈ అమ్మాయి నన్ను తిన్నగా అడిగింది. లేదని అబద్ధం చెప్పాను. ముప్పై రెండేళ్లలో ఈ చోటు నాకు తిండి పెట్టింది, గౌరవం ఇచ్చింది. అలాంటి చోటికి... అంతే. క్షమించండి."

హెన్రికా అతని వైపు తిరిగింది. "మీరు చెప్పకపోయి ఉంటే ఇంకో గంటలో నేను ఆ పదకొండుకు సంతకం పెట్టి ఉండేదాన్ని," అంది మెల్లిగా. "రేపు పొద్దున లోకమంతా కృష్ణపదార్థం దొరికిందని అరిచేది. మిగతా చోట్ల కొండల కింద దాని కోసం కాపు కాసేవాళ్లంతా తమ పనులు ఆపి మన వెనక పరిగెత్తేవాళ్లు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఎవరో ఈ స్క్రూను కనిపెట్టేవాళ్లు. స్క్రూ వదులు చేసినందుకు మీ మీద నాకు కోపంగానే ఉంది. ఇక్కడికి వచ్చి నిలబడినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు."

అని కూర్చుని వేళ్ల కణుపులతో బల్ల మీద టకటకా కొట్టడం మొదలుపెట్టింది. పక్కవాళ్లు అందుకున్నారు. హాలు మొత్తం బల్లలు దద్దరిల్లాయి. ఓదిలోన్ బిక్కచచ్చిపోయాడు. తనను బయటికి పొమ్మంటున్నారనే అనుకుని తలుపు వైపు అడుగు వేశాడు. నివేస్ వేదిక మీంచి పరిగెత్తుకొచ్చి చేయి పట్టుకుంది.

"ఎక్కడికండీ? ఇవి చప్పట్లు! జర్మన్లు ఇలాగే కొడతారు!"

వ్యాసంలో ఓదిలోన్ పేరు వేయించాలని నివేస్ తిరగని గది లేదు. రచయితల పట్టికలో మూడు వేల పేర్లున్నాయి, డిటెక్టర్ మొహం ఏడాదికోసారి కూడా చూడనివాళ్లవి సహా. పనిముట్లవాళ్ల పేరు మాత్రం నిబంధనల ప్రకారం కుదరదు. చివర కృతజ్ఞతలు చెప్పే పేరా ఉంటుంది గానీ దాని మాటలు ఏనాడో ఖాయమైపోయాయి. డబ్బిచ్చిన సంస్థలకు తప్ప మనిషికి అందులో చోటు లేదు. ఆ నిబంధనలు రాసినవాళ్లను నివేస్ ఇటాలియన్‌లో తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

"పోనీ లేమ్మా, నా పేరెందుకు?" అన్నాడు ఓదిలోన్. "నీ వ్యాసం చెప్పేదేంటి, ఇంత బరువు దాకా ఆ జంటలు ఇక్కడ లేవు, ఇంకెక్కడైనా చూసుకోండి అనేగా? లేనిదాని పక్కన నా పేరు ఉంటేనేం, లేకపోతేనేం?"

"లేదని గట్టిగా చెప్పగలిగింది మీవల్లేగా!" అంది ఆమె ఏడుపు గొంతుతో.

గంట మీద అక్షరాలు మార్పించమని బెర్తోను బతిమాలాడు. చెక్కేవాడు అప్పటికే చెక్కేశాడు. వీడ్కోలు రోజున వైను గ్లాసులు చేతుల్లో పట్టుకుని అందరూ ఇబ్బందిగా నేల చూస్తుంటే, ఓదిలోనే గంట ఎత్తి గట్టిగా చదివాడు. "ముప్పై రెండేళ్లు, ఒక్క అలారం మోగనివ్వలేదు!" అందరికన్నా ముందు అతనే నవ్వాడు. బెర్తో నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాడు. ఓదిలోన్ గంటను గణగణా మోగించి, "ఇదిగో, బాకీ తీరిపోయింది," అన్నాడు.

సెప్టెంబరులో నివేస్ సామాను సర్దుకుంది. హెన్రికా రాసిన ఉత్తరం పనిచేసి, ఇటలీలో ఒక కొండ కింద అదే కృష్ణపదార్థం కోసం వేరే రకంగా కాపు కాసే చోట ఉద్యోగం దొరికింది. పదవీ విరమణ అయినా ఆ ఆఖరి గురువారం పనిగట్టుకుని భోజనశాలకు వచ్చి, మిగిలిన జున్నంతా ఆమె సంచిలో పెట్టాడు ఓదిలోన్. "మీకు ఇవ్వాల్సింది నా దగ్గర ఒకటుంది," అంది ఆమె. "ఇచ్చేశాను కూడా. ఎప్పుడో తెలుస్తుంది లెండి." ఎంత అడిగినా ఏమిటో చెప్పలేదు. మూడు వేలమందిలో రహస్యం దాచగలిగింది ఆ పిల్ల ఒక్కతే.

రెండేళ్లు గడిచాయి. జనమంతా వచ్చి చూసుకోవచ్చని ప్రయోగశాల తలుపులు తెరిచిన ఆదివారం, ఓదిలోన్, రెజీన్ అందరితోపాటు గంటన్నర వరుసలో నిలబడ్డారు. పాత ముఖాలు ఎక్కువ లేవు. బెర్తో కూడా విరమించుకున్నాడు. వాళ్ల గుంపుకు దారి చూపించింది ఇరవై నాలుగేళ్ల పోర్చుగీసు పిల్ల, ఫిలిపా అని చొక్కా మీద రాసి ఉంది. పెద్ద తెర మీద ఒక ఘటన వేసి, ముక్కలన్నీ ఒకే వైపు ఎగరడం చూపించింది.

"రెండో వైపు ఏం పోయింది? కృష్ణపదార్థమా?" అని ముందున్న ఒక తండ్రి అడిగాడు.

"అలా అనుకోవాలనే ఉంటుంది మాకు కూడా! కానీ ముందు ఇది ఓదిలోన్ దాటాలి."

రెజీన్ కర్ర ఠక్కున ఆగింది.

"ఓదిలోన్ అంటే?" అన్నాడు ఆ తండ్రి.

"అదొక వడపోత. ఏ పెట్టె కునుకు తీసినా, అలారం మోగినా మోగకపోయినా, ఓల్టేజి చరిత్ర చూసి పట్టేస్తుంది. కొత్త కణాల కోసం మేం వెతికే ప్రతి ఘటనా మొదట దాని ముందు నిలబడాల్సిందే. ఇప్పటిదాకా కొన్ని వందల కోట్లు నిలబడ్డాయి."

"ఆ పేరేంటి, పాతకాలం సాధువులాగా?"

"ఏమోనండీ, నేనొచ్చేసరికే ఉంది. మాలో ఎవరికైనా ఏదో కొత్తది కనబడి ఎగిరి గంతేశారనుకోండి, పక్కవాళ్లు వెంటనే అడిగే మాట ఒకటే. ఓదిలోన్‌ని అడిగావా? అని."

అందరూ నవ్వారు. రెజీన్ నోరు తెరవబోయింది. ఓదిలోన్ ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాడు. అతని కళ్లలోంచి నీళ్లు జారి మీసాల్లోకి పోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. నివేస్ ఇచ్చేసిందేమిటో అతనికి అప్పుడు తెలిసింది. మిమ్మల్ని ఒక్కసారి అడగందే నాకు మనసొప్పలేదు అన్న ఆ గురువారం మాటను, తాను అబద్ధం చెప్పి పోగొట్టుకున్న ఆ నమ్మకాన్ని, ఆ పిల్ల అక్కడివాళ్లందరికీ అలవాటు చేసి వెళ్లింది.

బయటికొచ్చి ఎండలో బెంచీ మీద కూర్చున్నాక రెజీన్ ఊరుకోలేదు. "ఏమయ్యా, ఆ ఓదిలోన్ నేనేనని చెబితే నీ సొమ్మేం పోయేది?"

"రోజూ అడుగుతున్నారట, విన్నావుగా," అన్నాడు ఓదిలోన్ ముఖం తుడుచుకుంటూ. "ఇప్పుడైతే అడగ్గానే, మొదటి మాటలోనే నిజం చెప్తున్నాను. అది చాలదూ?"